చిప్‌లో ఉన్న ముఖం

నవంబర్ 6, గురువారం

పాస్‌పోర్ట్ వచ్చింది. పోస్ట్‌మ్యాన్ నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనన్నాడని కింద ఇంటావిడ ఫోన్ చేస్తే, ల్యాబ్ కోటు కూడా విప్పకుండా తార్నాకకు పరుగెత్తుకొచ్చి సంతకం పెట్టి తీసుకున్నాను. మా ఇంట్లో మొదటి పాస్‌పోర్ట్. అట్ట మీద కిందివైపు చిన్న బంగారు గుర్తు ఉంది. లోపల చిప్ ఉందని దానికి అర్థమట.

అలాగే మళ్లీ క్యాంపస్‌కు వెళ్లాను. ఫిన్లండ్ యూనివర్సిటీ వాళ్లు గుర్తింపు కోసం పెట్టిన యాప్ ఎలా వాడాలో మా ల్యాబ్‌లోని దేవేందర్‌కు తెలుసు. ముందు ఫొటో పేజీ అడుగున ఉన్న రెండు వరసల అక్షరాలను కెమెరాకు చూపించాలి. తర్వాత ఫోన్ వీపును పాస్‌పోర్ట్ అట్టకు ఆనించి పట్టుకోవాలి.

"కదపకు. ఊపిరి గూడ మెల్లగ తీస్కో," అన్నాడు దేవేందర్.

ఫోన్ చిన్నగా వణికింది. ముందు నా పేరు వచ్చింది, పుట్టినరోజు వచ్చింది. ఆ తర్వాత పైనుంచి కిందికి, తెర తీసినట్టు నా ఫొటో. అట్టలో దాక్కున్న మనిషి బయటికి వచ్చినట్టు అనిపించింది.

"చిప్‌ల ఉన్నదాన్ని ఎవ్వరు మార్చలేరు. మారిస్తే ఫోన్‌కు తెల్సిపోతది," అన్నాడు.

ఇంకొక్క మెట్టే మిగిలింది. ఫోన్ ముందు నా ముఖం పెడితే, చిప్‌లోని ముఖంతో యాప్ పోల్చుకుంటుంది. "గది గూడ ఇప్పుడే చేస్కోరాదు?" అన్నాడు. తల నిండా నూనె. రేపు చేస్తానన్నాను. గడువు ఇరవై ఒకటిదాకా ఉంది కదా.

ఆరు నెలలు అక్కడి ల్యాబ్‌లో, జొన్న వేళ్లను పట్టుకుని బతికే నా బూజుతో. ఉన్న ఒక్క సీటుకు మా గైడ్ భానుప్రకాశ్ సార్ పంపిన పేర్లలో మొదటిది నాది, రెండోది దేవేందర్‌ది. అయినా అన్నీ అతనే నేర్పాడు.

ఎడమ చెవి వెనక సలుపుతోంది. స్కూటీ మీద చలిగాలి కొట్టి ఉంటుంది.

నవంబర్ 7, శుక్రవారం

పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు నోట్లో ఆగలేదు. ఎడమవైపు నుంచి మెడ మీదికి కారిపోయాయి. మళ్లీ పోసుకున్నాను. మళ్లీ కారిపోయాయి.

అద్దంలో చూసుకున్నాను. మూతి కుడివైపుకు పోయింది. ఎడమ కన్ను మూస్తే మూసుకోవడం లేదు. రెప్ప సగందాకా వచ్చి ఆగిపోతోంది, కింద తెల్లగుడ్డు కనబడుతోంది.

ఎడమవైపు ఒత్తుకుని పడుకున్నాను, అందుకే అయ్యుంటుంది. సాయంత్రానికి సర్దుకుంటుంది.

అదే రోజు, సాయంత్రం

సర్దుకోలేదు.

నాయినకు కూడా మూతితోనే మొదలైంది. పొద్దున చాయ్ తాగుతుంటే బనియన్ మీద కారింది. అమ్మ నవ్వింది, చిన్నపిల్లగాని లెక్క తాగుతున్నవేందని. మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి పడిపోయింది. ఆ తర్వాత పోయేదాకా నాలుగేళ్లు మంచంలోనే.

చెయ్యి లేస్తోంది. ఇప్పుడే చూసుకున్నాను. కాలు కూడా బాగానే ఉంది. భయపడాల్సింది ఏమీ లేదు.

నవంబర్ 8, శనివారం

రాత్రంతా చెయ్యి లేపి చూసుకుంటూనే ఉన్నాను. తెల్లారేసరికి నిజంగానే నొప్పి పుట్టింది. పడిపోతోందేమో అనుకున్నాను.

దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుంటే శైలజ లాగేసింది. ఒకే గదిలో ఉంటూ రెండు రోజులు ఎలా దాస్తాను? నన్ను చూసి ఒక్క అరుపు అరిచి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

"ఎప్పటిసంది?"

"నిన్నటిసంది."

"నిన్నటిసందా? ఏం మనిషివే నువ్వు! లే. చెప్పులేస్కో."

హబ్సిగూడ దారిలో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆటోలో నా చెయ్యి పట్టుకుని వాళ్ల ప్రార్థన ఏదో గొణుగుతూనే ఉంది. నేను ఆ చేతిని నొక్కుతూ పోయాను, బలం ఉందో లేదో చూసుకోవడానికి.

డాక్టర్ నా వయసుదే. "కనుబొమ్మలు పైకి లేపండి," అంది. కుడిది లేచింది. ఎడమవైపు నుదురు ఒక్క ముడత కూడా పడలేదు.

"ఎడమవైపు అస్సలు లేవట్లేదు. మంచిదే," అంది.

మంచిదా! నేను అలాగే చూస్తూ ఉంటే చెప్పింది. మెదడులో దెబ్బ తగిలితే మూతి పోయినా నుదురు మామూలుగా ఆడుతుందట. నుదురు కూడా ఆగిపోయిందంటే మెదడుది కాదు, చెవి వెనక నుంచి ముఖానికి వచ్చే నరం వాచిందన్నమాట. నాయిన సంగతి చెప్పాను. చేతులూ కాళ్లూ మళ్లీ ఒకసారి పరీక్ష చేసి, ఇది అది కాదంది. మాత్రలు రాసింది. కంట్లో చుక్కలు వేసుకోవాలి. రాత్రి పడుకునేటప్పుడు రెప్ప మూసి టేపు అంటించుకోవాలి, లేకపోతే కన్ను ఎండి పుండు పడుతుంది.

"తగ్గుతుందా?"

"ఎక్కువమందికి తగ్గుతుంది. కొన్ని వారాలు పడుతుంది, కొందరికి నెలలు."

"అందరికీ తగ్గదా?"

"ఎక్కువమందికి," అంది మళ్లీ.

నవంబర్ 9, ఆదివారం

ఆదివారం కదా, మౌలాలిలో అమ్మ దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేదు. అమ్మకు ఫోన్ చేసి, ల్యాబ్‌లో పని ఉందన్నాను.

"గొంతు గట్లున్నదేంది?"

"జలుబు."

"వీడియో చెయ్యి, చూస్త."

"సిగ్నల్ లేదమ్మా."

'ప', 'బ', 'మ' పలికేటప్పుడు పెదవులు కలవడం లేదు. గాలి పోతోంది. అందుకే జాగ్రత్తగా మాట్లాడాను. కానీ 'అమ్మా' అనకుండా ఎలా?

నవంబర్ 10, సోమవారం

యాప్ తెరిచాను. అంత దగ్గరగా చూస్తేగానీ వంకర తెలియదు, మాత్రలు పనిచేస్తున్నాయి, కొంచెం తేడా కనబడుతోంది.

చిప్ వెంటనే చదివింది. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. తర్వాత గుండ్రటి గీతలో ముఖం పెట్టమంది. పెట్టాను. "కళ్లు మూసి తెరవండి" అని ఇంగ్లిష్‌లో వచ్చింది.

మూశాను. ఒక కన్నే మూసుకుంది.

"కళ్లు మూసి తెరవండి."

"కళ్లు మూసి తెరవండి."

ఆ తర్వాత గీత ఎర్రగా మారింది. ముఖం సరిపోలలేదు, ఇంకా రెండు అవకాశాలు ఉన్నాయని రాసింది.

నవంబర్ 11, మంగళవారం

ఆ యాప్ ముట్టుకోలేదు. చిప్ చదవడానికి వేరే ఉచిత యాప్‌లు ఉన్నాయి. అందులో ఒకటి వేసుకున్నాను. ఫొటో కోసమే. పాస్‌పోర్ట్ మీద ఫోన్ పెడితే మళ్లీ పైనుంచి కిందికి ఆ ముఖం దిగింది. నుదురు, రెండు కళ్లు, తిన్నగా ఉన్న మూతి. పాస్‌పోర్ట్ ఆఫీసులో నవ్వొద్దన్నారు కాబట్టి బిగించుకుని ఉన్న పెదవులు. రెండూ కలిసి ఉన్న పెదవులు.

పొద్దున చూశాను. మధ్యాహ్నం చూశాను. ఇప్పుడూ చూశాను. అదీ మారిపోతుందేమోనని చూస్తున్నానని శైలజకు చెప్పలేను.

నవంబర్ 12, బుధవారం

ఈసారి కళ్ల దాకా బాగానే వచ్చింది. వేలితో రెప్ప కిందికి లాగి వదిలాను, ఫోన్‌కు వేలు కనబడకుండా. అది దాటింది. తర్వాత "నవ్వండి" అంది.

నవ్వాను. ఫోన్‌లో నన్ను నేను చూసుకున్నాను. కుడివైపు పళ్లన్నీ బయటపడ్డాయి. ఎడమవైపు ఎవరో చచ్చిపోయినట్టుంది.

ముఖం సరిపోలలేదు. ఒక్క అవకాశం.

నవంబర్ 13, గురువారం

నుదురు లేవలేదు. కన్ను మూసుకోలేదు.

నవంబర్ 14, శుక్రవారం

వారం తర్వాత డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. మాస్కు పెట్టుకున్నాను, కళ్లజోడు పెట్టుకున్నాను. అయినా రెప్ప ఆడని కన్ను కనబడుతుందేమోనని తల వంచుకునే తిరిగాను. చాయ్ తాగాల్సి వచ్చింది. అందరూ వెళ్లాక గోడవైపు తిరిగి మాస్కు దించాను. చాయ్ గడ్డం మీదికి కారింది. కొంగుతో తుడుచుకుంటూ తిరిగి చూస్తే గుమ్మంలో దేవేందర్.

"ఏమైంది వాసంతి?"

"పన్ను పీకించుకున్న. మత్తు దిగలే."

గడ్డం కిందికి దించిన మాస్కు వైపు చూశాడు.

"ఐడీ వెరిఫికేషన్ అయిపోయిందా?"

"గా రోజే అయిపోయింది," అన్నాను.

తలూపి వెళ్లాడు. నేరుగా సార్ గదిలోకి వెళ్లాడు. తలుపు చాలాసేపు మూసే ఉంది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తెలుసు. నా తర్వాత పేరు అతనిదే.

నవంబర్ 15, శనివారం

శైలజ అంబర్‌పేట్‌లో వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లింది. తలుపు గడియ పెట్టుకుని, కంటికి వేసే టేపుతో ఎడమ చెంపను పైకి లాగి చెవి పక్కన అంటించాను. పైన జుట్టు కప్పాను. ఇంకో ముక్కతో కనుబొమ్మ ఎత్తాను. మూతి కాస్త తిన్నగా వచ్చింది. అద్దంలో చూస్తే మనిషిలా లేదు, దిష్టిబొమ్మకు నా ముఖం గీసినట్టుంది.

చిప్ చదివింది. ఎప్పుడూ చదువుతుంది. ఆ దరిద్రపు చిప్‌కు ఏ బాధా లేదు.

నవ్వమంది. నవ్వబోతే టేపు ఊడి చెంప మీద వేలాడింది.

ముఖం మీద అడ్డుగా ఏదో ఉందని రాసింది. తర్వాత ముఖం సరిపోలలేదంది. ఆ తర్వాత, భద్రత కోసం ఈ ఖాతాను ఆపేస్తున్నాం అంది.

చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. దొంగ పాస్‌పోర్ట్ పెట్టినదాన్ని అనుకుంటారు. అక్కడ కూర్చున్న ఎవరో ఈ మూడు వీడియోలూ చూస్తారు. టేపు వేలాడుతున్నది కూడా.

నవంబర్ 16, ఆదివారం

తలుపు కొట్టారు. శైలజ అనుకుని తీశాను. మాస్కు లేదు.

అమ్మ.

చేతిలో టిఫిన్ డబ్బా. నన్ను చూసింది. డబ్బాను మెల్లగా గోడ పక్కన పెట్టింది.

"చెయ్యి లేపు," అంది.

"అమ్మా, నాకు పక్షవాతం కా—"

"లేపమన్న గద. రెండు లేపు. ఇగ నా యేళ్లు పట్టుకో. గట్టిగ. ఇంక గట్టిగ. ఆ కాలు మీద నిలబడు. ఆ కాలే. నీ పేరు చెప్పు."

నాయినకు నాలుగేళ్లు రోజూ పొద్దున్నే చేయించిన పనులవి. నేను ఇంటర్ పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుని వింటూ ఉండేదాన్ని.

"వాసంతి."

"నాయిన పేరు?"

"వెంకటనర్సయ్య."

నా వేళ్లు వదిలేసి బాత్రూమ్‌లోకి వెళ్లింది. నల్లా విప్పిన చప్పుడు. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి. బయటికి వచ్చేటప్పటికి ముఖం కడుక్కుని ఉంది, కొంగు తడిసి ఉంది.

"దవాఖానకు పోయినవా?"

"పోయిన. శైలజ తోల్కపోయింది. ఇది నరం వాచుడంట, నాయినకొచ్చింది కాదంట."

"శైలజకు ఎర్కే. నాకు ఎర్కలే. అమ్మ సచ్చిందనుకున్నవా?"

"నువ్వు భయపడ్తవని చెప్పలే."

"భయపడ్డ. ఇప్పుడేమైంది? కింద పడ్డనా?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత. ఎడమ కన్ను ఏడవడం లేదా, లేక ఎప్పుడూ కారుతూనే ఉందా, అది కూడా తెలియలేదు. అమ్మ నా తల పట్టుకుని ఒళ్లో పెట్టుకుని, ఎడమ రెప్పను బొటనవేలితో మూసి అలాగే ఉంచింది. ఆ కంటి మంట తగ్గింది.

ఆ తర్వాత అన్నీ చెప్పాను. యాప్, మూడు సార్లు, టేపు. అమ్మకు చిప్ అంటే అర్థం కాలేదు. చూపించమంది. పాస్‌పోర్ట్ మీద ఫోన్ పెట్టాను. ఫొటో దిగింది. అమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిండ్ల గూడ భయపడే ఉన్నవ్ గదనే," అంది.

డబ్బాలో గారెలు ఉన్నాయి. కుడివైపున చిన్నచిన్న ముక్కలుగా నమిలి తిన్నాను. అమ్మ తను పనిచేసే అంగన్‌వాడీలో టీచరమ్మకు ఫోన్ చేసి, వారం రోజులు రానని చెప్పింది.

నవంబర్ 17, సోమవారం

"గా ఫోన్ ఒప్పుకోకపోతే, దాని ఎనక మనిషి ఉండడా? ఆ మనిషినే అడుగు," అంది అమ్మ పొద్దున్నే.

ముందు సార్ దగ్గరికి వెళ్లాను. మాస్కు తీశాను. సార్ కుర్చీలోంచి లేచారు.

"దేవేందర్ చెప్పాడమ్మా, ఏదో జరిగిందని. ఏమిటో తనకు తెలియదన్నాడు. నువ్వే వచ్చి చెప్తావని చూస్తున్నా."

"సార్, నా బదులు దేవేందర్ పేరు పంపారా?"

"ఇంకా పంపలేదు. గడువు దాటితే పంపక తప్పదు."

కారిడార్‌లో దేవేందర్ ఎదురయ్యాడు. అడిగేశాను. "నీ పేరు పంపమన్నవా?"

"నేను అడగలే. సార్ అడిగిండు, నీకు ఇష్టమేనా అని." మాట దాచలేదు. "వద్దనలే."

కోపం రాలేదు. నేనైనా వద్దనేదాన్ని కాదు.

అతనే పక్కన కూర్చుని ఫిన్లండ్ వాళ్లకు మెయిల్ రాయించాడు. జరిగింది జరిగినట్టు రాశాను, వేలితో రెప్ప లాగడం, టేపు కూడా. డాక్టర్ రాసిచ్చిన కాగితం జతచేశాను. ఇప్పటి ముఖం ఫొటో కూడా కావాలి కదా. దేవేందర్ తీశాడు. తీసి, నాకు చూపించకుండానే జతచేశాడు.

రెండు సార్లు మోసం చేయబోయానని నా చేతులతో నేనే రాసిచ్చాను.

నవంబర్ 18, మంగళవారం

జవాబు లేదు. అమ్మ ప్రతి గంటకూ "వచ్చిందా?" అంటోంది. నేను ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను.

సాయంత్రం వచ్చింది. రేపు రెండింటికి వీడియో కాల్. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోమన్నారు. ఇంకేమీ రాయలేదు. మంచిగానూ రాయలేదు, చెడ్డగానూ రాయలేదు.

నవంబర్ 19, బుధవారం

ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చిన ఆమె పేరు హెలీనా. యాభై ఏళ్లు ఉంటాయి. నవ్వలేదు. నమస్కారం చెప్పి, పాస్‌పోర్ట్ చూపించమంది. తను పంపిన లింకు తెరిచి, తన ముందే చిప్ చదివించమంది. తొందరలో ఫోన్ జారింది. మొదటిసారి చదవలేదు. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తప్పని చిప్ ఇవాళ చదవలేదు! రెండోసారి పెట్టాను. వచ్చింది.

ఆమె తన తెర మీద ఆ ఫొటోను, నన్ను మార్చి మార్చి చూస్తోంది. కుడివైపు తిరగమంది. ఎడమవైపు తిరగమంది. మధ్యమధ్యలో పెన్నుతో ఏదో రాసుకుంటోంది. వీడియోల్లో రెప్పను చేత్తో ఎందుకు లాగావని అడిగింది. భయంతో అన్నాను. దేనికి భయం అంది. సీటు పోతుందని అన్నాను. అంతే కాదు, కానీ మిగతాది ఇంగ్లిష్‌లో చెప్పడం రాలేదు.

ఆమె ముఖంలో ఏమీ కనబడటం లేదు. నాకు సీటు రాదు, ఇక రాదు అనుకున్నాను.

"మీ వెనక ఎవరు?" అంది.

అమ్మ. మంచం మీద కూర్చోమంటే కూర్చోకుండా మెడ చాచి నిలబడింది.

"మా అమ్మ."

"ఆమెను రమ్మనండి. మిమ్మల్ని ఎలా గుర్తుపడతారో చెప్పమనండి."

అది వాళ్ల పద్ధతిలో ఉందో లేదో తెలియదు. నేను అమ్మ వైపు తిరిగాను. "అమ్మా, నన్నెట్ల గుర్తుపడ్తవు అంటుంది."

"ఎట్ల గుర్తుపడ్తనంటే ఏం చెప్త? నా బిడ్డ అని చెప్పు." వచ్చి నా పక్కన కూర్చుంది. తెరలోకి చూస్తూ గట్టిగా, అటువైపు ఆవిడకు చెవుడు ఉన్నట్టు చెప్పింది. "అమ్మా, ఈ పిల్ల గడ్డం మీద ఒక మచ్చ ఉన్నది. మూడేండ్లప్పుడు మా అంగన్‌వాడీల జారుడుబండ మీదికెల్లి పడ్డది. మూతి వంకరైతే అయింది గని మచ్చ యాడికి పోలే. నీ ఫొటోల సూడు, ఉంటది."

నా గడ్డం పట్టుకుని పైకెత్తి కెమెరాకు చూపించింది. నేను గడ్డం పైకెత్తుకునే ఆ మాటలను ఇంగ్లిష్‌లోకి మార్చాను. హెలీనా చిప్‌లోంచి వచ్చిన ఫొటోను పెద్దది చేసుకుంది. ముందుకు వంగింది. చాలాసేపు చూసింది.

"కనబడుతోంది," అంది.

తర్వాత అమ్మకు ఏదో చెప్పమంది. నేను చెప్పాను. "అమ్మా, థ్యాంక్స్ అంటుంది."

"మంచిది. చలి బాగ ఉంటదా అడుగు," అంది అమ్మ.

అడిగాను. అప్పుడు హెలీనా నవ్వింది. చాలా ఉంటుందట. ఫలితం శుక్రవారం చెప్తామంది.

నవంబర్ 20, గురువారం

కన్ను మూసుకోలేదు. నుదురు లేవలేదు. మెయిల్ లేదు.

నవంబర్ 21, శుక్రవారం

వచ్చింది. గుర్తింపు పూర్తయింది, ఫిబ్రవరిలో చేరవచ్చు.

రెండుసార్లు చదివి అమ్మకు చెప్పాను. "అయితే స్వెటర్ కొనాలె," అని లేచి కొంగు సర్దుకుంది, ఇప్పుడే వెళ్దామన్నట్టు. దేవేందర్‌కు ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మంచిదే, వాసంతి," అన్నాడు. ఆ కాసేపు ఏం అనుకున్నాడో నాకు తెలుసు.

ఫిబ్రవరికి తగ్గకపోతే? తెలియని ఊళ్లో ఈ కన్నుతో మంచులో తిరగాలా? డాక్టర్ 'ఎక్కువమందికి' అంది. నేను అందులో ఉన్నానో లేదో ఏ యాపూ చెప్పదు. భయంగానే ఉంది.

నవంబర్ 23, ఆదివారం

అమ్మతో కోఠికి బయల్దేరాను, ఉన్ని బట్టలు కొనడానికి. నేను మాస్కు పెట్టుకోలేదు. తార్నాకలో బస్సు ఎక్కాం. ఇద్దరికీ ఒకేచోట సీట్లు దొరకలేదు. అమ్మ ముందుకు వెళ్లింది. నేను ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్లో కూరగాయల సంచి, నోట్లో వక్క. ఆర్ట్స్ కాలేజీ దాటేదాకా నన్నే చూస్తోంది. నేను కిటికీ వైపు తిరుగుదామంటే కిటికీ ఆమె వైపే ఉంది.

"మూతికేమైంది బిడ్డా?" అంది.

బస్సులో ముందు సీట్ల వాళ్లు కూడా తిరిగి చూశారు. పన్ను అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

"పొద్దున లేచేసరికి గిట్లయింది," అన్నాను. "పుక్కిలిస్తే నీళ్లు ఆగలే. మా నాయినకొచ్చిందే నాకూ వచ్చిందనుకున్న."

"అయ్యో. మరి?"

మరి ఏమైందో చెప్పడం మొదలుపెట్టాను. మాటకు గాలి పోతూనే ఉంది. విద్యానగర్ దాటేదాకా చెబుతూనే ఉన్నాను.